ఈదులకుంట కల్లు దుకాణంలో యథాతథ స్థితి

ఈదులకుంటలో బస్సు దిగినవాడు ఎవరినీ దారి అడగకుండా చేరగలిగిన చోటు ఒక్కటే ఉండేది. అది పంజాల కొమరగౌడ్ కల్లు దుకాణం. ముక్కు ఎటు లాగితే అటు నడిస్తే చాలు. ముందు పులిసిన కల్లు వాసన ఎదురొచ్చేది. ఇంకాస్త దూరం నడిచాక కొమరగౌడ్ భార్య భూలచ్చిమి మూకుట్లో వేయించే బోటి వాసన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేది.

లోపల చెప్పుకోదగ్గ హంగులేమీ లేవు. మట్టిగోడ, తాటికమ్మల పందిరి, జనం కూర్చుని కూర్చుని నున్నబడ్డ బండలు. మధ్యాహ్నం దాటితే తాపీ మేస్త్రీలు, గొర్లకాపరులు, బీడీలు చుట్టి వేళ్ళు నొప్పెట్టిన ఆడవాళ్ళు, పింఛను పుచ్చుకుంటున్న బస్సు డ్రైవర్లు అక్కడ చేరేవాళ్ళు. ఎవరి ముంత వాళ్ళ ముందుండేది, ఊరి సంగతులు మాత్రం అందరి నోళ్ళలోనూ ఉండేవి. ఒకరోజు పాటలు, ఒకరోజు పంచాయితీ, ఒక్కోరోజు వాన చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు. కొమరగౌడ్ గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఇదంతా చూస్తూ, ఇంతకంటే మంచి కొలువు ఎవరికుంటుందని అనుకునేవాడు.

అటువంటి దుకాణానికి ఒక ఎండాకాలం మధ్యాహ్నం చక్రపాణి అనే ఆఫీసరు వచ్చాడు. సంప్రదాయ పానశాలల అనుభవ పరిరక్షణ మండలి అని ప్రభుత్వం కొత్తగా ఒకటి పెట్టింది. పాతకాలపు కల్లు దుకాణాలకు వెళ్ళేవాళ్ళు అక్కడి తిండిని, తాగుడిని, వాతావరణాన్ని ఎలా అనుభవిస్తున్నారో కనిపెట్టి, ఆ అనుభవం చెడిపోకుండా కాపాడటం దాని పని. చక్రపాణి దానికి ప్రాంతీయ అనుభవాధికారి. మనిషి చెడ్డవాడు కాదు. ఇస్త్రీ చొక్కా నలిగినా పట్టించుకోకుండా బండమీద కూర్చుని, ఒక ముంత పుచ్చుకుని, చుట్టూ చూడసాగాడు.

ఆ మధ్యాహ్నం అక్కడ జరిగింది ఇది. గొర్లకాపరులు బీరయ్య, మల్కయ్య కాబోయే వియ్యంకులు. బీరయ్య కూతురు స్వరూపను మల్కయ్య కొడుక్కి ఖాయం చేసుకున్నారు. పెళ్ళి విందుకు పొటేలు ఎవరు కోయాలన్న దగ్గర ఇద్దరికీ మాట పెరిగింది. నీ మందలో పొటేలు కంటే మా ఇంట్లో పిల్లి బలంగా ఉంటుందని మల్కయ్య అన్నాడు. నీ ఇంట్లో పొటేలును కోస్తే కత్తికి నీసు కూడా అంటదని బీరయ్య అన్నాడు. ఆ పక్కనే నాంపెల్లి అనే రైతు, ముందురోజు చచ్చిపోయిన ఎద్దును తలుచుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఈ లొల్లి వింటూ భూలచ్చిమి పరాకున గుడాలలో ఉప్పు రెండోసారి వేసింది. ఉడికించిన ఆ శనగల్ని తిన్నవాళ్ళు ముఖాలు చిట్లించి, ఇంకో ముంత తెమ్మన్నారు.

చక్రపాణి కళ్ళు చెమ్మగిల్లాయి. నగరంలో ఎంత పెట్టి కొన్నా ఇటువంటి అనుభవం దొరకదని కొమరగౌడ్ చేతులు పట్టుకుని చెప్పి వెళ్ళిపోయాడు. కొమరగౌడ్ కూడా పొంగిపోయాడు. ఆ సాయంత్రమే వియ్యంకులిద్దరూ ఒకే ముంతలోది పంచుకుని తాగి, పొటేలు సంగతి తర్వాత చూసుకుందామని భుజాలమీద చేతులు వేసుకుని ఇంటికి పోయారు. అది చూడటానికి చక్రపాణి అక్కడ లేడు. అంతకుముందు బస్సుకే వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఈదులకుంట కల్లు దుకాణంలోని అనుభవాన్ని రక్షిత అనుభవంగా ప్రకటించడమైనదనీ, పరిశీలన జరిగిన నాటి వాతావరణాన్ని యథాతథంగా నిలుపవలసిన బాధ్యత దుకాణదారుదేననీ, తప్పినచో అనుమతి రద్దగుననీ దాని సారాంశం. గుమ్మం ముందు ఇత్తడి ఫలకం బిగించారు. వాతావరణ పరిశీలకురాలిగా వైదేహి అనే అమ్మాయిని వేశారు. ఆమె రోజూ మధ్యాహ్నం గొడుగు వేసుకుని వచ్చి, గోడవారన కుర్చీలో కూర్చుని, అందరివంకా శ్రద్ధగా చూసేది.

మొదటి తాఖీదు ఉప్పు మీద వచ్చింది. గుడాలలో లవణస్థాయి నిర్ణీత ప్రమాణానికంటే తక్కువగా ఉన్నదట. భూలచ్చిమికి ఒళ్ళు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడు చెయ్యి జారితే, ఆ చెయ్యి జారుడునే రోజూ వండమంటారా అని అడిగింది. కొమరగౌడ్ బతిమాలగా మూతి ముడుచుకుని రెండోసారి ఉప్పు వేసింది.

ఆ తర్వాతి తాఖీదుకు కొమరగౌడ్‌కు నిద్ర పట్టలేదు. పొటేలు విషయమై జరుగవలసిన తగవు వరుసగా జరుగుటలేదనీ, సంబంధిత వ్యక్తులు పరస్పరం నవ్వుకొనుచున్నట్లు పరిశీలనలో తేలినదనీ రాశారు. దుకాణం మూతపడితే అతనొక్కడే కాదు, ఆ దుకాణానికి చెట్లు గీసే ఇళ్ళన్నీ పస్తు పడతాయి. అతను బీరయ్య, మల్కయ్యల కాళ్ళావేళ్ళా పడ్డాడు. వాళ్ళిద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. చివరికి, ఇన్నేళ్ళు నీ కల్లు తాగినం, నీ కోసం ఆమాత్రం తిట్టుకోలేమా అన్నారు.

అలా రోజూ మధ్యాహ్నం తగవు మొదలైంది. మల్కయ్య పిల్లి మాట అనేవాడు, బీరయ్య కత్తి మాట అనేవాడు. అయిపోగానే, సరిపోయిందా అమ్మా అని వైదేహిని అడిగేవాళ్ళు. గొంతు కాస్త పెంచాలని ఆమె మర్యాదగా చెప్పేది. నాంపెల్లి పని ఇంతకంటే కష్టమైంది. అతను ఈలోగా మంచి ఎద్దును కొనుక్కున్నాడు. అది పాత ఎద్దుకంటే బాగా దున్నుతోంది. ఎంత ప్రయత్నించినా ఏడుపు రాక, నాంపెల్లి ఉల్లిగడ్డ కోసుకుని కళ్ళకు అద్దుకున్నాడు. ఉల్లిగడ్డ కృత్రిమ ప్రేరకమనీ, దుఃఖము స్వతస్సిద్ధముగా ఉండవలెననీ మండలి రాసింది. పాపం, నాంపెల్లి బండమీద కూర్చుని, కొత్త ఎద్దు కూడా ఏదో ఒకరోజు చస్తుంది కదా అని ఆలోచించడం మొదలుపెట్టాడు. అలవాటయ్యాక అతనికి ఇంటి దగ్గర కూడా ఏడుపు రాసాగింది.

అప్పుడు కల్లు సంగతి వచ్చింది. కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, పొద్దు వాలేసరికి పులుపు తిరుగుతుంది. చక్రపాణి తాగింది మధ్యాహ్నపు కల్లు. కనుక రక్షిత అనుభవంలో ఉన్నది ఆ రుచి ఒక్కటే. కల్లు పులియుట తదుపరి ఉత్తర్వులు వచ్చు వరకు నిలిపివేయడమైనది అని మండలి ఆదేశించింది. కొమరగౌడ్ ఆ కాగితాన్ని కల్లు కుండల దగ్గరికి తీసుకుపోయి కాసేపు అక్కడే నిలబడ్డాడు. కుండలు బుసబుసమంటూనే ఉన్నాయి.

స్వయంగా వచ్చి చూసిన చక్రపాణి సమస్య మూలం పట్టుకున్నాడు. తాగినవాళ్ళు ఒకరోజు ఉన్నట్టు ఇంకోరోజు ఉండటం లేదు. రెండు ముంతలు పడ్డాక మల్కయ్య తగవు మధ్యలో ఫక్కున నవ్వేస్తున్నాడు. బీరయ్య అయితే కత్తి మాట అనాల్సిన చోట వియ్యంకుణ్ణి కావలించుకున్నాడు. బీడీల ఆడవాళ్ళు రోజుకో కొత్త పాట పాడుతున్నారు.

"చూడండి కొమరగౌడ్ గారూ," అన్నాడు చక్రపాణి, "పానీయం వల్ల పానశాల వాతావరణానికి భంగం కలుగుతున్నదని నిర్ధారణ అయింది. ఇకపై అనుభవ భాగస్వాములు విధి నిర్వహణలో పానీయం సేవించరాదు."

అనుభవ భాగస్వాములంటే ఎవరని కొమరగౌడ్ అడిగాడు. అంటే తొలి పరిశీలన నాడు తాగడానికి వచ్చినవాళ్ళేనని చక్రపాణి చెప్పాడు. వాళ్ళ మెడల్లో బొమ్మలున్న కార్డులు పడ్డాయి. వాళ్ళ ముంతల్లో కల్లుకు బదులు, అదే రంగులో ఉండేలా కాస్త మజ్జిగ కలిపిన గంజి పోయాలన్నారు. మిగతావాళ్ళు బండలమీద కాక, అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల నిలబడి చూడవచ్చు. ఏదీ తాగకుండా, ఉప్పు గుడాలు నమలకుండా, పాడకుండా నిలబడటానికి వచ్చేవాళ్ళు ఎందరుంటారు? తాడుకు ఇవతలి జనం పల్చబడుతూ వచ్చారు.

ఇక అసలు కీడు జరిగింది. గంజి తాగి అవే తిట్లు తిట్టి తిట్టి మల్కయ్యకు విసుగెత్తిపోయింది. ఒకరోజు పిల్లి మాట అన్నాక ఊరుకోకుండా, నీ బిడ్డను మా ఇంటికి తెచ్చుకునుడే మా కర్మ అని కలిపాడు. బీరయ్య ఈసారి కత్తి మాట అనలేదు. ముంత కింద పెట్టి, కార్డు తీసి బండమీద పెట్టి, లేచి వెళ్ళిపోయాడు. అనుమతి లేని తిట్టు, దాని వెంట అనుమతి లేని నిశ్శబ్దం జరిగినట్టు వైదేహి పైకి తెలియజేసింది.

మర్నాడు బీరయ్య వచ్చాడు. వచ్చింది దుకాణం కోసం కాదు. సంబంధం వద్దని మల్కయ్య ముఖం మీదే చెప్పడానికి వచ్చాడు. ఆ రోజు జరిగింది నిజమైన తగవు. చొక్కాలు చిరిగాయి. కొమరగౌడ్ మధ్యలో పడి విడదీయబోతే భూలచ్చిమి అతణ్ణి వెనక్కి లాగింది. వైదేహి కబురు అందుకుని వచ్చిన చక్రపాణి మాత్రం ఊపిరి బిగబట్టి చూశాడు. వెళ్ళేముందు కొమరగౌడ్ భుజం తట్టి, తగవులో ప్రామాణికత గణనీయంగా మెరుగుపడిందని అభినందించాడు. మర్నాటి నుంచి ఇద్దరూ రోజూ వచ్చి అవే తిట్లు నిజమైన కోపంతో తిట్టుకోసాగారు.

వారం కాకముందే స్వరూప దుకాణం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ పిల్ల ఊళ్ళో కుట్టుమిషను పెట్టుకుని నలుగురికీ జాకెట్లు కుడుతుంది, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగదు. కొమరగౌడ్ కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

"మామా, మా అయ్య నాతోని మాట్లాడుత లేడు. గక్కడ వాళ్ళ అయ్య గూడ కొడుకుతోని మాట్లాడుత లేడట. ఇద్దరు ఈడికొస్తె మాత్రం నోళ్ళు తెరుస్తున్రు. నువ్వు వాళ్ళను గలుపుతవా, నీ దుకాణం కాపాడుకుంటవా? ఏదో ఒకటి జెప్పు. నేను ఆశ ఇడ్సిపెట్టుకుంట."

ఇన్నాళ్ళు తను కాపాడుతున్నది ఏమిటో ఆ పిల్ల ముఖం చూస్తే గాని కొమరగౌడ్‌కు తెలియలేదు. ఆమె వెళ్ళిపోయాక గల్లాపెట్టె మూసేశాడు. లోపలి నుంచి భూలచ్చిమి వచ్చి, రేపే ఆ ఆఫీసరు దగ్గరికి పొమ్మంది.

జిల్లా కేంద్రంలోని మండలి కార్యాలయంలో చక్రపాణి అతన్ని ఆదరంగానే కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఒక్కరోజుకు వాళ్ళను రాజీ పడనివ్వమని కొమరగౌడ్ అడిగాడు. ఒక ఆడపిల్ల పెళ్ళి ఆగిపోయిందని చెప్పాడు.

చక్రపాణి నిజంగానే బాధపడ్డాడు. "పెళ్ళి మా పరిధిలోకి రాదండీ. తగవు మాత్రమే మా పరిధిలోకి వస్తుంది. వారు నిరభ్యంతరంగా రాజీ పడవచ్చు. దాని ప్రభావం తగవు మీద పడకూడదు, అంతే."

తిరుగు బస్సులో కొమరగౌడ్ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎటు తిప్పినా అందులో మనిషి పట్టే సందు కనిపించలేదు. ఊరి పొలిమేర దగ్గర కిటికీలోంచి తాటివనం కనిపించింది. చెట్ల తలల్లో కుండలు కట్టి ఉన్నాయి. వాటిని ఏ మండలీ ఇంకా చూడలేదు. అతను అక్కడే బస్సు ఆపించి దిగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బీరయ్యను తాటివనానికి రమ్మన్నాడు. మల్కయ్యను కూడా రమ్మన్నాడు. ఇంకొకడు వస్తున్నట్టు ఇద్దరికీ చెప్పలేదు. వచ్చి ఒకర్నొకరు చూసుకుని ఇద్దరూ వెనక్కి తిరిగారు. కొమరగౌడ్ ఇద్దరి చేతులూ పట్టుకుని, తిట్టుకోవడానికి పిలవలేదు, తాగడానికి పిలిచానన్నాడు. అప్పుడే చెట్టు దింపిన కల్లు. తాటాకు మడిచి దొప్ప చేసి పట్టించి, పైనుంచి సన్నని ధారగా పోశాడు. నెలల తరబడి గంజి తాగిన నోళ్ళు. మొదటి గుక్కకే బీరయ్య కళ్ళు మూసుకున్నాడు. మల్కయ్య దొప్పను దించకుండా తాగి, మూతి తుడుచుకుని, దాన్ని పక్కన పెట్టాడు.

"బావా," అన్నాడు, "గా మాట నా కడుపుల నుంచి రాలె. దినాం గవే తిట్లు తిట్టి తిట్టి యాష్టకొచ్చి, కొత్తది ఏదో ఒకటి అందామని అన్న. నీ బిడ్డ మా ఇంటికొస్తె గదే మాకు పండుగ."

"నాకు గూడ యాష్టకే వచ్చింది," అన్నాడు బీరయ్య. "అయినా నేను నా తిట్టు మార్చలే గద బావా."

మల్కయ్య తల ఊపాడు. నువ్వు మాట మీద నిలబడే మనిషివని ఒప్పుకున్నాడు. ఇంకో దొప్ప అయ్యాక పొటేలు మాట వచ్చింది. నాది కోద్దామంటే నాది కోద్దామని ఇద్దరూ మళ్ళీ గట్టిగా కేకలు వేసుకున్నారు. చెట్టు మీద గీస్తున్నవాడు భయపడి కిందికి తొంగి చూశాడు. కొమరగౌడ్ మాత్రం చెట్టుకు ఆనుకుని హాయిగా విన్నాడు. చివరకు రెండు పొటేళ్ళూ కోశారు. స్వరూప పెళ్ళికి ఊరంతా తిన్నది.

ఆ తర్వాత జనం దుకాణానికి రావడం మానేశారు. భూలచ్చిమి పొయ్యిని, మూకుడును తాటివనానికి మార్చింది. గుడాలలో ఉప్పు ఒక్కసారే వేసి, రుచి చూసి, ఒక నిట్టూర్పు విడిచింది. బీడీల ఆడవాళ్ళు ఆగిపోయిన పాటలన్నీ అందుకున్నారు. నాంపెల్లి కొత్త ఎద్దును కూడా వెంట తెచ్చి చెట్టుకు కట్టేసి, దాని గొప్పలు చెబుతూ తాగాడు. ఒక ఆదివారం, సెలవుపూట, వైదేహి ముఖానికి కొంగు కప్పుకుని వచ్చి ఒక మూల కూర్చుని బోటి తిన్నది. ఎవరూ ఆమెను గుర్తుపట్టనట్టే ఉన్నారు. భూలచ్చిమి అడక్కుండానే ఇంకాస్త వడ్డించింది.

కొమరగౌడ్‌కు మాత్రం మధ్యాహ్నంపూట తప్పేది కాదు. ఇత్తడి ఫలకం ఉన్నంతకాలం దుకాణంలో అతను కూర్చోవాల్సిందే. ఖాళీ బండలు, ఖాళీ ముంతలు, గోడవారన వైదేహి. ఇవాళో రేపో అనుమతి రద్దు కాగితం వస్తుందని అతను చూస్తున్నాడు. వస్తే పీడా పోతుందని కూడా అనుకున్నాడు.

వచ్చింది వేరే కాగితం. రాష్ట్రంలోని రక్షిత పానశాలలన్నింటిలోనూ ఈదులకుంట దుకాణం ప్రథమ స్థానంలో నిలిచిందట. వాతావరణంలో మార్పులకు ప్రధాన కారకులు వినియోగదారులే అని మండలి అధ్యయనంలో తేలింది. వినియోగదారులను పూర్తిగా నివారించగలిగిన ఏకైక దుకాణం ఇదే. గంజి కూడా ఎవరూ తాగకపోవడం వల్ల రుచిలో హెచ్చుతగ్గులు ఆగిపోయాయి. తగవును ముందే రికార్డు చేసి ఉంచారు కనుక దాన్ని లౌడ్‌స్పీకర్‌లో వేస్తే సరిపోతుందన్నారు. వేశారు కూడా. రోజూ మధ్యాహ్నం ఖాళీ దుకాణంలో పిల్లి మాట, కత్తి మాట వినిపించేవి. ఆ వేళకు తాటివనంలో బీరయ్య, మల్కయ్య మనవడికో మనవరాలికో పేరు వెతుక్కుంటూ ఉండేవాళ్ళు.

అవార్డు ఇవ్వడానికి మండలి అధ్యక్షులవారే వచ్చారు. షామియానా వేశారు. శాలువా కప్పారు. పానము అనునది పానీయమునకు అతీతమైన ఒక సంస్కృతి అని అధ్యక్షులవారు ఎండలో చాలాసేపు మాట్లాడారు. చక్రపాణి ముందువరుసలో కూర్చుని చెమ్మగిల్లిన కళ్ళతో విన్నాడు. ఉపన్యాసం ముగిశాక గ్లాసుల్లో గంజి పంచారు. అధ్యక్షులవారు ఒక గుక్క తాగి, గ్లాసును మర్యాదగా బల్లమీద పెట్టారు.

ఫొటోలయ్యాయి. అందరూ కార్లవైపు కదిలారు. అధ్యక్షులవారు మాత్రం దుకాణం చూస్తున్నట్టుగా వెనకబడి, కొమరగౌడ్ పక్కకు వచ్చి నిలబడ్డారు. చెమట తుడుచుకుని, ఎవరూ వినడం లేదని చూసుకుని, గొంతు తగ్గించి అడిగారు. చిన్నప్పుడెప్పుడో మేనమామతో కలిసి తాగారట, ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉందట, ఈ చుట్టుపక్కల ఎక్కడైనా ఒక ముంత అసలు కల్లు దొరుకుతుందా అని.

పెద్దాయన. నిజంగా దాహంగానే ఉన్నాడు. తాటివనం దిక్కు నుంచి గాలి వీచింది, దాంతోపాటు ఆడవాళ్ళ పాట కూడా లీలగా వచ్చింది. కొమరగౌడ్ అధ్యక్షులవారి ముఖం వైపు చూశాడు. ఆ తర్వాత గుమ్మం ముందున్న ఇత్తడి ఫలకం వైపు చూశాడు. శాలువా సర్దుకుని, చేతులు జోడించాడు.

"ఈడ కల్లు ఏడ దొర్కుతది సార్? ఇది కల్లు దుకాణమాయె."